మా ఇంట్లో హనుకా: ఏం వండాలి, చేత్తో ఏం చేయాలి?

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 22, 2025
అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. మా కోడలు యూదుల అమ్మాయి. పెళ్లయి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ హనుకాకి (యూదుల దీపాల పండగ) మేమే వాళ్లింటికి వెళ్లేవాళ్లం, తినేవాళ్లం, వచ్చేసేవాళ్లం. ఈసారి మొదటి రోజు మా ఇంట్లో చేద్దామా అత్తయ్యా అంది కోడలు. వెంటనే సరే అనేశాను. ఆ తర్వాత మొదలైంది టెన్షన్.

వచ్చేది మొత్తం పదకొండు మంది. వియ్యపురాలు, వియ్యంకుడు, ఆయన అమ్మగారు (తొంభై దాటారు), మా మనవడు (అయిదేళ్లు), తక్కినవాళ్లు. మా వంటింట్లోకి గుడ్డు వస్తుంది కానీ మాంసం రాదు. వియ్యపురాలేమో బ్రిస్కెట్ తెస్తానంటోంది. అంటే గొడ్డు మాంసం. వద్దంటే నొచ్చుకుంటుందేమో, సరేనంటే మా ఆయన ఆ పూట ఇంట్లో ఉండరు. ఎలా చెప్పాలి? వంట నేనే చేయాలని ఉంది. కొన్ని అలంకరణలు మనవడితో కలిసి చేత్తో చేయాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కారంపొడి | నవంబర్ 22
ముందు బ్రిస్కెట్ సంగతి తేల్చుకోండి అత్తగారూ. మిగతావన్నీ ఆలుగడ్డలే.

ఆలుగడ్డ నిజామాబాద్ | నవంబర్ 22
నన్ను పిలిచినట్టుంది 🙂 అమ్మా, నేను ఇజ్రాయెల్‌లో ఉంటాను, రమత్ గన్‌లో. ఒక పెద్దావిడని చూసుకునే పని, తొమ్మిదేళ్లయింది. మా నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లం ఈ పనిలో ఇక్కడ చాలామందిమే ఉన్నాం. ఆవిడని అందరిలాగే నేనూ సవ్తా అనే పిలుస్తా, అంటే నాయనమ్మ.

మీ బ్రిస్కెట్ చిక్కుకి దారి వాళ్ల ఆచారంలోనే ఉంది. వాళ్ల పద్ధతిలో మాంసం, పాలు ఒకే భోజనంలో కలవకూడదు. నెయ్యి, పెరుగు, వెన్న అన్నీ పాల కిందకే వస్తాయి. హనుకాకేమో పాలవి, చీజువి తినే ఆనవాయితీ ఒకటుంది. జుడిత్ అనే ఆవిడ శత్రు సేనాధిపతికి ఉప్పుటి చీజు పెట్టి, దాహానికి ద్రాక్షసారా తాగించి, నిద్రపోయాక తల నరికిందని కథ. ఆవిడ పేరున పాలవంటలు చేస్తారు. కాబట్టి మీరు "మాంసం వద్దు" అనకండి. "ఈసారి పాల భోజనం చేద్దాం, లాట్కేలకి (ఆలుగడ్డ తురుము అట్లు) సవర్ క్రీమ్ (పులిసిన మీగడ) పెడదాం" అనండి. వియ్యపురాలికి అర్థమైపోతుంది. బ్రిస్కెట్ ఉంటే సవర్ క్రీమ్ బల్ల మీద పెట్టలేరు మరి.

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 23
అమ్మాయ్, నీ నోట్లో చక్కెర పోయాలి. ఇప్పుడే కోడలికి ఫోన్ చేశాను. నవ్వి, "మా అమ్మతో నేను మాట్లాడతా" అంది. అంటే నెయ్యి కూడా వాడుకోవచ్చా? పూర్ణం బూరెలు చేద్దామనుకుంటున్నా. నూనె పండగ కదా అని.

ఆలుగడ్డ నిజామాబాద్ | నవంబర్ 23
పాల భోజనమైతే నెయ్యి నిక్షేపంగా పోసుకోవచ్చు. కానీ వాళ్లు కోషర్ (యూదుల తిండి నియమాలు) ఎంత గట్టిగా పాటిస్తారో ముందే కోడలిని అడగండి. బాగా నిష్ఠ ఉన్నవాళ్లు బయటివాళ్ల గిన్నెల్లో వండింది ముట్టరు. అలాంటివాళ్లయితే కొత్త మూకుడు, కాగితపు పళ్లాలు కొనడం నయం.

థానే తెలుగోడు | నవంబర్ 23
సవర్ క్రీమ్, చీజ్ డబ్బాల మీద కోషర్ గుర్తు చూసి కొనండి. సున్నా లోపల ఇంగ్లిష్ యూ అక్షరం, పక్కన డి ఉంటే పాలవి అని. చీజ్‌లో దూడ కడుపులోంచి తీసే రెనెట్ ఉంటుందని మన శాకాహారులకీ భయమేగా, దానికి కోషర్ గుర్తు ఒక్కటే హామీ కాదు, అందులో ఏమేం వేశారో కూడా చదవండి.

నేను పుట్టి పెరిగింది థానేలో. మా కింది అంతస్తు ఇంట్లోవాళ్లు బెనే ఇజ్రాయెల్ యూదులు, ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. ఎన్నో తరాల కింద కొంకణ్‌లో నవ్‌గావ్ దగ్గర ఓడ పగిలితే బతికి బయటపడ్డ ఏడు జంటల సంతతి అని చెప్పుకుంటారు. ఊళ్లలో నూనె గానుగలు ఆడేవాళ్లు, శనివారం పని చేయరు కాబట్టి "శనివార్ తేలీ" అని పేరు. తమాషా ఏంటంటే, శతాబ్దాల పాటు నూనె ఆడిన వీళ్లకి ఈ నూనె పండగే తెలియదు! హనుకా పుట్టకముందే వాళ్లు అక్కడినుంచి బయల్దేరారని సంప్రదాయం. తర్వాతెప్పుడో బయటి యూదులు వచ్చి నేర్పారు.

వాళ్లింట్లో శుభకార్యాలకి మలీదా చేస్తారు. నానబెట్టిన అటుకులు, కొబ్బరి తురుము, చక్కెర, యాలకులు, ఎండుద్రాక్ష, పళ్లముక్కలు. మన అటుకుల ప్రసాదమే అనుకోండి. హనుకా వంట కాదు గానీ, బూరెల పక్కన ఒక గిన్నె పెడితే భారతదేశపు యూదుల వంట అని చెప్పుకోవచ్చు. పొయ్యి పని కూడా లేదు.

పంచాంగం పిచ్చోడు | నవంబర్ 23
తేదీ మీద ఎవరూ అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. హనుకా వాళ్ల కిస్లేవ్ నెల 25న మొదలై ఎనిమిది రోజులుంటుంది. వాళ్ల నెలా మన నెలలాగే అమావాస్య దాటాక మొదలవుతుంది కాబట్టి 25 అంటే మన లెక్కలో బహుళ దశమి. ఈ ఏడాది డిసెంబర్ 14 ఆదివారం సాయంత్రం మొదటి దీపం. మన పంచాంగం తీసి చూడండి, ఆరోజు మార్గశిర బహుళ దశమే. 19 శుక్రవారం అమావాస్య. అంటే నెలలో బాగా చీకటిగా ఉండే రాత్రుళ్లలోనే ఈ దీపాలు. వాళ్లకీ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో 7 సార్లు. అందుకే పండగ ఒకసారి నవంబర్ చివర్లో, ఒకసారి క్రిస్మస్ రోజున. 2024లో డిసెంబర్ 25 సాయంత్రమే మొదలైంది.

కారంపొడి | నవంబర్ 23
మొత్తానికి యూదుల దీపావళి అన్నమాట.

ఆలుగడ్డ నిజామాబాద్ | నవంబర్ 24
అలా అనొద్దన్నా. దీపాలు ఉన్నాయని ఒకటే పండగ అయిపోదు. ఇది గుడిని తిరిగి శుద్ధి చేసుకున్న రోజు. హనుకా అనే మాటకే "ప్రతిష్ఠ" అని అర్థం. క్రీ.పూ. 167 ప్రాంతంలో అంతియోకస్ అనే గ్రీకు రాజు జెరూసలేం గుడిని మైలపరిచి, వాళ్ల ఆచారాలన్నీ నిషేధించాడు. మక్కబీలని ఒక పూజారి కొడుకులు తిరగబడి 164లో గుడి తిరిగి తీసుకున్నారు. ముద్ర చెదరని నూనె ఒక్క బుడ్డే దొరికిందట, ఒక్కరోజుకి సరిపోయేది ఎనిమిది రోజులు వెలిగింది. అందుకే ఎనిమిది దీపాలు, అందుకే నూనెలో వేయించిన వంటలు.

గడప దగ్గర ముగ్గు | నవంబర్ 24
అత్తగారూ, దీపాలకి మెనోరా (వాళ్ల దీపపు సెమ్మె) కొంటున్నారా? మన ప్రమిదలతో చేసేయొచ్చు కదా, ఎనిమిది వరసగా, ఒకటి ఎత్తులో.

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 24
అదే అనుకున్నా! దీపావళికి కొన్న కొత్త ప్రమిదలు డజను మిగిలాయి, వాడనివి. ఒక చెక్కపీట మీద వరసగా పెట్టి, తొమ్మిదోది బోర్లించిన గిన్నె మీద ఎత్తుగా. మా మనవడు నీలం రంగు వేస్తానన్నాడు.

చింతపిక్క | నవంబర్ 24
ప్రమిదల అడుగున ఒకసారి చూడండి. వాటి మీద స్వస్తిక్ ముద్ర ఉంటుంది కొన్నిసార్లు.

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 24
అమ్మో. తీసి చూశాను. తొమ్మిదింటికి తొమ్మిదీ ఉంది. అసలు నాకు తట్టనే లేదు. వియ్యంకుడి అమ్మగారి వైపు బంధువులు యుద్ధంలో పోయారని కోడలు ఒకసారి చెప్పింది.

కారంపొడి | నవంబర్ 24
మన స్వస్తిక్ వేల ఏళ్లది, ఆ హిట్లర్‌ది వేరు. మన ఇంట్లో మనం ఎందుకు దాచుకోవాలి? వాళ్లకి చెబితే అర్థం చేసుకోరా?

చింతపిక్క | నవంబర్ 24
చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ తొంభై ఏళ్ల ఆవిడ పండగ దీపం వెలిగించడానికి వంగినప్పుడు కాదు. పూజగది తలుపు మీద ఉన్నది అక్కడే ఉండనివ్వండి, అది మీ పూజ. వాళ్ల దీపం కింద మాత్రం వద్దు.

కారంపొడి | నవంబర్ 24
సరే. ఆ మాట నిజమే.

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 25
ఏమీ లేని సాదా మట్టి ప్రమిదలు ఓక్ ట్రీ రోడ్డులో దొరికాయి. పూజగది తలుపు సంగతి కోడలిని అడిగితే, "నానమ్మకి నా పెళ్లప్పుడే చెప్పాను, తెలుసు" అంది. నేను ఆరేళ్లుగా చూడలేదు గానీ ఆ పిల్ల ముందే చూసుకుంది.

ఆలుగడ్డ నిజామాబాద్ | నవంబర్ 26
దీపాల పద్ధతి రాస్తున్నా, ఇక్కడ రోజూ చూసేదే. ఎత్తులో ఉండేది షమాష్, అంటే సేవకుడు. ముందు దాన్ని వెలిగించి, దాంతో మిగతావి వెలిగిస్తారు. ఎనిమిది దీపాల వెలుగుని దేనికీ వాడుకోకూడదు, చదువుకోవడానికి కూడా. వెలుతురు కావాలంటే షమాష్ ఉంది. మొదటి రోజు కుడివైపు చివర ఒక్కటే. రెండో రోజు దాని ఎడమన ఇంకొకటి. పెట్టేది కుడి నుంచి ఎడమకి, వెలిగించేది మాత్రం ఎడమ నుంచి, అంటే ఆ రోజు కొత్తగా చేరినదాన్ని ముందు. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, మంటలు ఒకదానికొకటి అంటుకోకుండా ఎడం ఉండాలి. షమాష్‌తో కలిపి ఎనిమిది రాత్రులకి 44.

చీకటిపడ్డాక కనీసం అరగంట వెలగాలి. శుక్రవారం మాత్రం సూర్యాస్తమయానికి ముందే వెలిగించాలి, కాబట్టి ఆరోజు నూనె ఎక్కువ పోయాలి. మీకు మొదటి రోజే కాబట్టి ఆ గొడవ లేదు. ఆలివ్ నూనె అయితే శ్రేష్ఠం. కిటికీ దగ్గర పెడతారు, బయటివాళ్లకి కనిపించాలని. జెరూసలేంలో పాత ఇళ్ల వాకిళ్ల ముందు గాజు పెట్టెల్లో పెడతారు, గాలికి ఆరకుండా. సందుల్లో నడుస్తుంటే ఎంత బాగుంటుందో.

ఇంకొకటి, మీకు నచ్చుతుంది: దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్లు ఇంటిపని చేయకూడదని ఆచారం. మా సవ్తా ఆ అరగంట నన్ను కూడా కూర్చోబెడుతుంది.

కారంపొడి | నవంబర్ 26
ఈ ఆచారం మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

గడప దగ్గర ముగ్గు | నవంబర్ 26
అత్తగారూ, ప్రమిదల్ని ఒక పూట నీళ్లలో నానబెట్టి ఆరనివ్వండి, లేదంటే సగం నూనె మట్టే తాగేస్తుంది. వత్తులు పువ్వొత్తులు చేయండి, నిటారుగా నిలబడతాయి. పడుకోబెట్టే వత్తులైతే మంట పక్కకి వాలి పక్క ప్రమిదని అందుకుంటుంది. పీట మీద అల్యూమినియం రేకు పరచండి. కిటికీ తెరలు పైకి కట్టేయండి.

ముగ్గు కూడా వేయండి. డిసెంబర్ 16 నుంచి ఎలాగూ ధనుర్మాసం. రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి తలకిందులుగా వేస్తే వచ్చే ఆరు కోణాల నక్షత్రం మన చుక్కల ముగ్గుల్లో ఉన్నదే. అది వాళ్ల గుర్తు కూడా. నీలం, తెలుపు చాలు.

తెనాలి పాత కాపు | నవంబర్ 27
మన పండగలే చేసుకోవడానికి తీరిక లేదు అమెరికాలో. అట్లతద్దికి ఎవరైనా అట్లు పోశారా? ఇప్పుడు హనుకా నేర్చుకుంటున్నాం.

ఎడిసన్ అత్తగారు | నవంబర్ 27
పోశానండీ. కోడలు ఉయ్యాల కూడా ఊగింది. అందుకేగా ఇప్పుడు నేను లాట్కేలు పోస్తున్నది.

గుంటూరు బాబాయ్ | నవంబర్ 27
తెనాలి వారికి ఒక మాట. మీకు ఎంతో దూరం లేదు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. బెనే ఎఫ్రాయిమ్ అంటారు తమని. మాట్లాడేది మన గుంటూరు తెలుగే, ప్రార్థనాలయం ఉంది. కాబట్టి ఈ పండగ అమెరికా నుంచే రావాలనేం లేదు.

తెనాలి పాత కాపు | నవంబర్ 27
కొత్తరెడ్డిపాలెం మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. తెలియదు ఈ సంగతి.

ఎడిసన్ అత్తగారు | డిసెంబర్ 3
లాట్కేలు ఒకసారి చేసి చూశాను. ఫెయిల్. ముందురోజు రాత్రే దుంపలు తురిమి ఫ్రిజ్‌లో పెట్టా, తెల్లారేసరికి బొగ్గు రంగు. ఉన్నవాటితోనే వేస్తే మూకుట్లో విడిపోయి ఉప్మా అయ్యాయి. పొగకి అలారం మోగింది. మా ఆయన తువ్వాలు విసురుతూ నిలబడ్డారు.

ఆలుగడ్డ నిజామాబాద్ | డిసెంబర్ 3
అయ్యో. ఇదిగో మా సవ్తా లెక్క. రస్సెట్ ఆలుగడ్డ కిలో, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, గుడ్లు రెండు, మాట్జా పిండి, అంటే పులియని రొట్టె పొడి, మూడు చెంచాలు (లేకపోతే మైదా), ఉప్పు, మిరియాల పొడి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ కలిపి తురమండి, ఉల్లి రసం తగిలితే త్వరగా నల్లబడదు. పల్చటి గుడ్డలో వేసి పిండండి. ఇంక నీరు రాదు అనుకున్నాక ఇంకోసారి పిండండి. ఆ నీళ్లు పారేయొద్దు. పది నిమిషాలు గిన్నెలో కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి గంజిపిండి పేరుకుంటుంది. పైనీళ్లు వంపేసి ఆ పిండిని తురుములో కలపండి. విడిపోకుండా పట్టి ఉంచేది అదే. మూకుట్లో అర సెంటీమీటరు నూనె, బాగా కాగాక చెంచాతో వేసి వత్తండి. అంచులు ఎర్రబడ్డాకే తిప్పాలి, ఒక్కసారే. తీసినవి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, మెత్తబడతాయి. జల్లెడ మీద పరిచి సన్నటి వేడి ఓవెన్‌లో పెట్టండి.

చింతపిక్క | డిసెంబర్ 3
రెండు చెంచాలు బియ్యప్పిండి వేస్తే కరకరలాడతాయి.

ఆలుగడ్డ నిజామాబాద్ | డిసెంబర్ 3
వేస్తే బాగుంటాయి, కానీ అవి పకోడీలవుతాయి. పెద్దావిడ నోటికి చిన్నప్పటి రుచి తగలాలంటే వద్దు. పచ్చిమిర్చి, అల్లం కూడా సగం వాయిలోనే. పక్కన యాపిల్ ముద్ద, సవర్ క్రీమ్ ఉండాలి.

ఇక్కడైతే లాట్కేల కన్నా సుఫ్‌గానియోత్‌దే జోరు. జామ్ పెట్టిన బన్నులాంటి డోనట్, నూనెలో వేయించింది. పండగకి నెల ముందు నుంచే బేకరీల్లో గుట్టలు. ఇంట్లో చేయాలంటే ఈస్ట్ పిండి రెండుసార్లు పొంగాలి, మీకు బూరెలుండగా ఆ పని ఎందుకు?

పంచాంగం పిచ్చోడు | డిసెంబర్ 4
అందరూ లాట్కే అనగానే ఆలుగడ్డ అనుకుంటారు గానీ, ఆలుగడ్డ దక్షిణ అమెరికాది. తూర్పు యూరప్ పేదల పళ్లెంలోకి వచ్చింది ఈ మధ్యే, రెండు వందల ఏళ్లు అటూ ఇటూ. అంతకుముందు చీజు అట్లే. మొరాకో యూదులు స్ఫెంజ్ అని గారెలా చిల్లున్న బన్ను వేయిస్తారు, కొచ్చిన్ వాళ్లు నెయ్యప్పం. అంటే అత్తగారి బూరెలకి మంచి బంధువులే ఉన్నారు.

చింతపిక్క | డిసెంబర్ 4
మనవడికి డ్రైడెల్ చేయించండి. నాలుగు పలకల బొంగరం. పాల డబ్బా అట్ట నుంచి ఆరు చదరాలు కత్తిరించి పెట్టెలా అంటించి, మధ్యలోంచి పొట్టి పెన్సిల్ గుచ్చడమే. పెన్సిల్ నిటారుగా లేకపోతే తిరగదు, అది ఒక్కటి మీరు పట్టుకోండి. మన బొంగరంలా తాడు అక్కర్లేదు, వేళ్లతో తిప్పితే చాలు. పలకల మీద నూన్, గీమెల్, హే, షీన్ అక్షరాలు. నూన్ పడితే ఏమీ లేదు, గీమెల్ పడితే కుప్ప మొత్తం, హే పడితే సగం, షీన్ పడితే మనమే ఒకటి పెట్టాలి. వాళ్లు చాక్లెట్ నాణేలతో ఆడతారు. చింతపిక్కలు ఉంటే మహరాజులా ఆడొచ్చు.

పంచాంగం పిచ్చోడు | డిసెంబర్ 4
ఆ నాలుగు అక్షరాలకి "అక్కడ గొప్ప మహిమ జరిగింది" అని అర్థం చెబుతారు. ఇజ్రాయెల్‌లో షీన్ బదులు పే వేసి "ఇక్కడ" అంటారు. అసలు సంగతి ఏంటంటే అది జర్మన్ జూదపు బొంగరం. ఏమీ లేదు, అంతా, సగం, పెట్టు అనే మాటల మొదటి అక్షరాలే అవి. అర్థం తర్వాత అతికింది. నాకైతే ఈ కథే ఎక్కువ ముద్దుగా ఉంది.

ఎడిసన్ అత్తగారు | డిసెంబర్ 15
నిన్న రాత్రి అయింది. కాళ్లు నొప్పులు కానీ రాయకుండా పడుకోలేకపోయా.

నాలుగున్నరకే పొద్దు గుంకింది. ప్రమిదలన్నీ పీట మీద సర్దాం, మనవడి నీలం రంగు సగం పీటకే అంటింది. పెద్దావిడ షమాష్ పట్టుకున్నారు, చేయి వణుకుతుంటే మనవడు కింద పట్టుకున్నాడు. మంత్రాలు కోడలు చదివింది. మొదటి రోజు మూడు, మిగతా రోజులు రెండేనట. కిటికీలో ఒక్క దీపం, ఒక్క షమాష్, ఏడు ఖాళీ ప్రమిదలు.

లాట్కేలు ఈసారి నిలబడ్డాయి. గుడ్డలో పిండింది మా ఆయన, ఆ గంజిపిండి చూసి ఆయనకి తెగ ఆశ్చర్యం. సగం వాయిలో పచ్చిమిర్చి, అల్లం వేశా. చేయి ఊరుకోక చిటికెడు పసుపు కూడా. వియ్యంకుడు యాపిల్ ముద్ద వదిలేసి అల్లం పచ్చడితో తిన్నారు. పెద్దావిడ సాదావి రెండు తిని, ఉప్పు తక్కువైంది అన్నారు. నిజమే, తక్కువైంది.

బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయడం వియ్యపురాలికి చూపించా. ఒకటి తిని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకోటి తీసుకుంది. బ్రిస్కెట్ మాట ఎవరూ ఎత్తలేదు. మలీదా మాత్రం ఎండిపోయింది, అటుకులు తక్కువ నానాయనుకుంటా.

దీపం వెలుగుతున్నంతసేపు నేను, వియ్యపురాలు, కోడలు సోఫాలో కూర్చున్నాం. గిన్నెలు తోమింది వియ్యంకులిద్దరే. ఒక మాటకి మాత్రం చిక్కుపడ్డా. ప్రమిద ఆరిపోయాక "దీపం కొండెక్కింది" అన్నాను, అలవాటుగా. అంటే ఏంటని అడిగారు. ఆరిందనకూడదు, కొండెక్కింది అనాలి అని కోడలే చెప్పింది వాళ్లకి.

చింతపిక్క | డిసెంబర్ 15
డ్రైడెల్ తిరిగిందా?

ఎడిసన్ అత్తగారు | డిసెంబర్ 15
వంకరగా తిరిగింది, ఎప్పుడూ గీమెల్ మీదే పడింది. మనవడికి ముప్పై ఏడు చింతపిక్కలు. ఇవ్వనంటున్నాడు.

అన్నట్టు, ప్రమిదలు వియ్యపురాలు తీసుకెళ్లింది, మిగతా ఏడు రోజులూ వాటిలోనే వెలిగిస్తుందట. పువ్వొత్తులు చేయడం నేర్పమంది. నా దగ్గర ఊరి నుంచి తెచ్చిన పత్తి అయిపోయింది. మందుల షాపు దూది పురి నిలవడం లేదు. వత్తుల పత్తి ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? శుక్రవారంలోపు కావాలి.

గడప దగ్గర ముగ్గు | డిసెంబర్ 15
ప్రమిదలు కొన్న ఓక్ ట్రీ రోడ్డులోనే, పూజ సామాన్ల అరలో కింద వరస చూడండి. పురి నిలవకపోతే వేళ్లకి కాస్త విభూతి అద్దుకుని తిప్పండి.

గడప దగ్గర ముగ్గు | డిసెంబర్ 15
అయ్యో, విభూతి వద్దులెండి వాళ్లింట్లో. బియ్యప్పిండి చాలు.